మూడు కిలోల బరువు, మూడు వందల గ్రాముల బరువు

మన నెల్లూరు తీరంలో శ్రీహరికోట పేరు తెలియని పసివాడు ఉండడు. రాకెట్టు ఎగిరే రోజున సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వైపు జనం మిద్దెలెక్కి తూర్పు దిక్కు చూడటం, నిప్పు కనబడిన కాసేపటికి గాని మోత వినబడకపోవటం మనందరికీ అనుభవమే. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం తిరుపతి జిల్లా లెక్కలోకి వెళ్ళింది గాని, మనవాళ్ళ నోట అది ఇంకా నెల్లూరు సీమ శ్రీహరికోటే. ఆ దీవి పేరుతో పాటు మనం తలుచుకునే పేరు డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారిది.

కలాం గారు రాకెట్టు ఎగరేశారని, క్షిపణులు చేశారని, 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతిగా ఉన్నారని మన పిల్లలు బడిలో చదువుకుంటున్నారు. ఆయన మాత్రం తన జీవితంలో దక్కిన పెద్ద ఆనందాలను సభల్లో నాలుగుగా లెక్కపెట్టి చెప్పేవారు. మొదటిది ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టటం. రెండోది అగ్ని క్షిపణి. మూడోది అణు పరీక్ష. నాలుగోది వీటి సరసన నిలబడుతుందని ఎవరూ అనుకోరు. అది పోలియో వచ్చిన పిల్లల కాళ్ళకు కట్టే తేలికపాటి కాలిపర్. ఈ నాలుగో ఆనందం కథను, దానికి ముందూ వెనకా జరిగిన చరిత్రను మా సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు పెట్టాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము. ఇందులో మన సంఘం లాంటి సంఘాలు నేర్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అది చివర మనవి చేస్తాము.

ముందుగా ఒక మాట. కాలు ఉండి అందులో బలం లేనివారికి, కాలు నిలబడటానికి బయటి నుంచి ఊతగా కట్టేది కాలిపర్. కాలు పోయినవారికి దాని స్థానంలో అమర్చేది కృత్రిమ కాలు. రెండూ వేరు వేరు వస్తువులే అయినా చేసేవారి విద్య ఒక్కటే, వాడేవారి కష్టమూ దగ్గర దగ్గరదే. అందుచేత రెంటి సంగతీ కలిపే చెబుతాము.

బరువు లెక్క నేర్చిన చోటు

కలాం గారు 1931 అక్టోబరు 15న రామేశ్వరంలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ గారు పడవ ఉన్న మనిషి. యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోడికి చేరవేయటానికి ఆయన కొయ్య పడవ కట్టటం, కట్టేటప్పుడు పిల్లవాడు పక్కనే ఉండి చూడటం, తరవాత తుఫానులో ఆ పడవ పోవటం కలాం గారే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. పడవ సంగతి మన తీరం వాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. పడవ సొంత బరువు ఎంత తగ్గితే అంత సరుకు ఎక్కించుకోవచ్చు. రాకెట్టు లెక్కా అదే.

తిరుచ్చి సెయింట్ జోసెఫ్ కాలేజీలో భౌతికశాస్త్రం, మద్రాసు ఎం.ఐ.టి.లో విమానాల ఇంజనీరింగు చదివి, 1958లో కలాం గారు రక్షణ పరిశోధన సంస్థలో చేరారు. 1969లో ఇస్రోకి మారి, ఎస్.ఎల్.వి.-3 అనే రాకెట్టుకు ప్రాజెక్టు డైరెక్టరు అయ్యారు. ఆ రాకెట్టు ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. అంత పెద్దది కక్ష్యలోకి తీసుకుపోగలిగింది 40 కిలోల తరగతి ఉపగ్రహాన్ని మాత్రమే. అంటే పైకి చేరే ఒక్కొక్క కిలో కోసం నేల మీద నాలుగు వందల కిలోలకు పైగా తయారుచేసుకోవాలి. చివరి దశలో ఒక కిలో అనవసరపు బరువు ఉంటే ఉపగ్రహంలో ఒక కిలో కోత పడుతుంది. అందువల్ల పై దశల కవచాలకు ఉక్కు మానేసి, సన్నని నారను జిగురులో తడిపి చుట్టగా చుట్టి గట్టిపరచిన పదార్థాన్ని వాడారు. ఉక్కు చేసే పనిని ఉక్కు బరువు లేకుండా చేయించటం ఆ రోజుల్లో కలాం గారి బృందం రాత్రింబవళ్ళు నేర్చిన విద్య.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మొదటిసారి వదిలినప్పుడు రెండో దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు విలేఖరుల ముందుకు వచ్చి బాధ్యతను తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు. 1980 జూలై 18న అదే తీరం నుంచి అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం విలేఖరుల ముందు కలాం గారినే మాట్లాడమన్నారు. పెద్దలైనవారు ఎలా ఉండాలో చెప్పటానికి ఈ సంగతిని కలాం గారు చివరిదాకా చెబుతూ వచ్చారు.

ధర్మనిధితో పుట్టిన ఎముకల ఆసుపత్రి

1982లో కలాం గారు హైదరాబాదుకు వచ్చారు. కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాలకు డైరెక్టరయ్యారు. మరుసటి ఏడు క్షిపణుల కార్యక్రమం మొదలైంది. 1989 మే 22న అగ్ని తొలిసారి ఎగిరింది. ఆకాశం నుంచి తిరిగి గాలిలోకి దిగేటప్పుడు క్షిపణి ముక్కు వేల డిగ్రీల వేడికి కాగిపోతుంది. ఆ వేడికి నిలిచి, బరువు మటుకు కొద్దిగా ఉండే పదార్థం కావాలి. బొగ్గు నారతో చేసిన పదార్థాలు అందుకోసమే అక్కడ తయారయ్యాయి.

అదే హైదరాబాదులో పంజాగుట్ట దగ్గర నిమ్స్ ఉంది. ఇవాళ అది అన్ని రోగాలకూ పేరుపడిన పెద్ద ఆసుపత్రి గాని, అసలు పుట్టింది ఎముకల ఆసుపత్రిగా. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏర్పరచిన ధర్మనిధి డబ్బుతో 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి అన్న పేరుతో మొదలైంది. పోలియో కాళ్ళ పిల్లలు, ప్రమాదాల్లో విరిగిన కాళ్ళ కూలీలు అన్ని జిల్లాల నుంచీ వచ్చేవారు. ఒకరు విడిచిన నిధి తరాల తరబడి ఎంతమంది కాళ్ళకు ఊతమైందో తలుచుకుంటే, ధర్మం చేసేవారు ఎలాంటి పనికి డబ్బు విడవాలో తెలుస్తుంది.

ఈ ఆసుపత్రికి చెందిన ఎముకల డాక్టరు ఒకరు ఒకనాడు కలాం గారి ప్రయోగశాల చూడటానికి వచ్చారు. క్షిపణుల కోసం చేసిన ఆ పదార్థపు ముక్కను చేత్తో ఎత్తి చూస్తే, కంటికి అంత కనబడేది చేతికి అంత బరువు లేదు. ఆయనకు వెంటనే తన వార్డు జ్ఞాపకం వచ్చింది. కలాం గారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయి పిల్లల్ని చూపించారు. ఆడపిల్లలు, మగపిల్లలు, ఒక్కొక్కరి కాలికి మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్. ఆ బరువును ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఈ పిల్లల బాధ తీసేయండి అని డాక్టరు అడిగారు.

మూడు వారాలు తిరిగేసరికి కలాం గారి బృందం కొత్త కాలిపర్ తయారుచేసి ఆసుపత్రికి తెచ్చింది. దాని బరువు మూడు వందల గ్రాములు. అంటే పదో వంతు. పిల్లలు తొడుక్కుని నడిచి, పరుగెత్తబోయారు. పక్కన నిలబడ్డ తల్లిదండ్రుల కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మనే కలాం గారు తన నాలుగో ఆనందం అన్నారు.

ఇందులో మేము గమనించినది ఏమంటే, పదార్థం అప్పటికే తయారై ఉంది. పిల్లల కష్టమూ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఒకే ఊళ్ళో రెండూ ఉండి కూడా ఒకదానికొకటి తెలియదు. వార్డులో తిరిగే మనిషి ప్రయోగశాలలోకి అడుగుపెట్టి, ప్రయోగశాల మనిషి వార్డులోకి నడిచి వెళ్ళిన తరువాత మూడు వారాలు చాలినవి.

బరువు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం

మూడు కిలోలంటే ఏమంత, మన ఆడవాళ్ళు పది పదిహేను కిలోల చేపల గంప నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడవటం లేదా అని ఎవరైనా అడగవచ్చు. నెత్తి మీది బరువు మనిషితో పాటు నిటారుగా సాగిపోతుంది. కాలి చివరి బరువు అలా కాదు. అడుగడుగునా దాన్ని నేల నుంచి లేపాలి, ముందుకు విసరాలి, మళ్ళీ ఆపాలి. గడియారపు లోలకం చివర బరువు కట్టినట్లు. మామూలు మనిషికే కాలికి బరువు కడితే త్వరగా అలుపు వస్తుంది. అలాంటిది తొడ కండరం చచ్చుబడిన ఆరేళ్ళ పిల్లకు మూడు కిలోలంటే ఎంతో ఊహించండి. ఒక్కరోజు కాదు, పెరిగి పెద్దయ్యేదాకా.

తేలికదనం పదార్థంలో మాత్రమే లేదు, ఉపాయంలోనూ ఉంది. పోలియోలో తొడ ముందు కండరం బలం తగ్గినవారికి అడుగు వేయగానే మోకాలు ముందుకు మడిచుకుపోతుంది. అందుకే వాళ్ళు నడిచేటప్పుడు ఒక చేత్తో మోకాలి పైన నొక్కి పట్టుకుంటారు. మన వీధుల్లో ఈ నడక చూడనివారు ఉండరు. పాత పద్ధతి కాలిపర్ ఏంచేస్తుందంటే, తొడ నుంచి బూటు దాకా రెండువైపులా ఇనుప కడ్డీలు పెట్టి, మోకాలి దగ్గర తాళం వేసి, తోలు పట్టీలతో బిగిస్తుంది. కాలు వంగదు, పడిపోరు. కాని కూర్చోవాలంటే తాళం తీయాలి, లేవాలంటే వేయాలి. తీరపు ఊళ్ళలో ఉప్పు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, చెమటకు తోలు కుళ్ళుతుంది.

నిమ్స్ పిల్లలకు చేసిన రకం వేరు. దానిని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు. పాదం కింద నుంచి మడమను కదలకుండా పట్టి, పిక్క ముందువైపుగా మోకాలి కిందిదాకా వచ్చే గట్టి కవచం అది. చీలమండను అందులో ఒక ప్రత్యేకమైన వాలులో బిగిస్తారు. పాదం నేలకు ఆనగానే నేల తిరిగి పైకి తోసే బలం ఆ కవచం గుండా వచ్చి మోకాలిని వెనక్కి నెట్టి నిటారుగా నిలుపుతుంది. అంటే పిల్ల తన చేత్తో మోకాలిని నొక్కే పనిని నేల చేసిపెడుతుంది. తాళం అక్కర లేదు, తొడ దాకా కడ్డీలు అక్కర లేదు. చేతులు రెండూ ఖాళీ. పలక పట్టుకోవచ్చు, బిందె పట్టుకోవచ్చు.

ఇది అందరికీ పనికిరాదు. తుంటిలో కొంత బలం ఉండాలి, మోకాలు వంకరగా బిగుసుకుపోయి ఉండకూడదు. బిగుసుకుపోయినవారికి ముందు వ్యాయామమో ఆపరేషనో కావాలి. ఇది ఎందుకు చెబుతున్నామంటే, పక్కింటి పిల్లకు బాగుందని అదే తెచ్చి మన పిల్లకు తొడిగితే సరిపోదు. కొలత తీసేవాడు కాలును పట్టి చూడాలి.

జైపూరులో జరిగిన సంగతి

కాలిపర్ కథ హైదరాబాదుది. దానికి చాలా ముందే కృత్రిమ కాలి విషయంలో ఇలాంటి కథే జైపూరులో నడిచింది. అక్కడి సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ప్రమోద్ కరణ్ సేఠీ అనే శస్త్రవైద్యుడు ఉండేవారు. 1927లో కాశీలో పుట్టి, ఎడింబరోలో ఎఫ్.ఆర్.సి.ఎస్. చేసి వచ్చినవారు. కాళ్ళు పోయినవారికి విదేశీ నమూనా కాళ్ళు ఇస్తే, కొన్నాళ్ళకి వాటిని విడిచేసి చంకకర్రలతో తిరిగి వస్తున్నారు. ఎందుకని ఆయన విచారించారు.

కారణం కాలిలోనే ఉంది. ఆ నాటి విదేశీ పాదం లోపల గట్టి కొయ్య దిమ్మె, మడమలో మెత్తని నురుగు. దానికి బూటు తప్పనిసరి. బూటుతో మనం ఇంట్లోకి, వంటింట్లోకి, ప్రార్థనాస్థలంలోకి పోము. ఆ పాదం చీలమండ దగ్గర వంగదు. మన దేశపు మనిషి భోజనానికి నేల మీద బాసిపీట వేసుకుంటాడు, పొలంలో గొంతుకూర్చుంటాడు, మరుగుదొడ్డి దగ్గర గొంతుకూర్చుంటాడు, బురదలో నడుస్తాడు. నమాజు చదివేవారికి సజ్దా, ఖాయిదా ఉన్నాయి, వజూ నీళ్ళు ఉన్నాయి. కుర్చీల దేశంలో పుట్టిన కాలు ఇవేమీ ఎరగదు. అంటే తప్పు రోగిది కాదు, కొలత తీసుకున్నది కాలికే గాని బ్రతుకుకు తీసుకోలేదు.

అదే ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పటానికి వచ్చిన రామచంద్ర శర్మ అనే శిల్పి ఉన్నారు. అందరూ మాస్టర్‌జీ అనేవారు. పెద్ద చదువు లేదు గాని చేతిలో పని ఉంది. డాక్టరు శరీరం సంగతి చెబితే శిల్పి వస్తువు సంగతి చూశాడు. ఇద్దరూ కలిసి 1968 నాటికి ఒక పాదం తయారుచేశారు. లోపల మడమకూ ముందు భాగానికీ మెత్తని రబ్బరు దిమ్మెలు, చీలమండ చోట కొయ్య దిమ్మె, వీటన్నిటినీ కలిపి చుట్టూ టైరు రబ్బరు, నైలాను దారపు పొర. అచ్చులో పెట్టి, లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసే దుకాణాల్లో చేసినట్లే వేడికి ఉడికించారు. పాదం అన్ని వైపులకూ వంగుతుంది. చర్మం రంగులో ఉంటుంది, వేళ్ళు కనిపిస్తాయి. చెప్పు లేకుండా నడవవచ్చు, నీళ్ళలో దిగవచ్చు, గొంతుకూర్చోవచ్చు. పై భాగాన్ని మొదట్లో గిన్నెలు సాగగొట్టే పనివారి విద్యతో అల్యూమినియం రేకుతో చేశారు. తరవాతి కాలంలో నీళ్ళ గొట్టాలకు వాడే ప్లాస్టిక్ పైపును వేడిచేసి, రోగి కాలి అచ్చు మీదికి లాగి చేస్తున్నారు. ఉదయం వచ్చినవాడు సాయంత్రానికి నడిచిపోయే వీలు అలా వచ్చింది. సేఠీ గారు దాని మీద పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చునని వదిలేశారు. 1981లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2008 జనవరిలో మరణించారు.

ఇక్కడ ఒక లెక్క మన సంఘాల వారు గోడమీద రాసి పెట్టుకోవలసినది. 1968లో పాదం తయారైంది. 1975 దాకా, ఏడు సంవత్సరాల్లో, అది అందినది 59 మందికి. వస్తువు మంచిదే, చవకదే, డాక్టరు గొప్పవాడే. అయినా 59. 1975లో డి.ఆర్. మెహతా గారు భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి స్థాపించిన తరవాత లెక్క మారింది. ఎవరొచ్చినా ఏ వేళప్పుడు వచ్చినా చేర్చుకోవటం, బస ఇవ్వటం, భోజనం పెట్టటం, డబ్బు తీసుకోకుండా కాలు అమర్చి పంపటం ఆ సంఘం పద్ధతి. లెక్క వేలు దాటి లక్షల్లోకి పోయింది. కాలు చేసింది డాక్టరూ శిల్పీ అయితే, దాన్ని మనుషుల దగ్గరికి చేర్చింది సంఘం.

మన జిల్లావారు తెరకెక్కించిన కాలు

జైపూర్ కాలు తెలుగువారి ఇళ్ళలోకి వచ్చింది సినిమా ద్వారా. సుధాచంద్రన్ అనే నర్తకికి 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం జరిగి, పుండు విషమించి కుడి కాలు మోకాలి కింద తీసేశారు. జైపూర్ కాలు పెట్టుకుని మళ్ళీ నడక నేర్చి, నడక మీద నాట్యం నేర్చి, 1984లో తిరిగి వేదిక ఎక్కింది. ఆమె కథతో ఆమెనే నాయికగా పెట్టి ఉషాకిరణ్ మూవీస్ వారు 1985లో 'మయూరి' తీశారు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు, సంగీతం కూర్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఇద్దరూ మన నెల్లూరు జిల్లా వారే. సుధాచంద్రన్‌కు ఆ చిత్రానికి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక గుర్తింపు దక్కింది. కాలు లేనివారిని చూసి జాలిపడే అలవాటు మాత్రమే ఉన్న మనకు, చప్పట్లు కొట్టవలసిన సందర్భం కూడా ఉంటుందని ఆ సినిమా చెప్పింది.

తరవాతి అడుగులు

రాకెట్ల విద్య కాళ్ళ దాకా రావటం కలాం గారితో ఆగలేదు. జైపూర్ పాదాన్ని రబ్బరు బదులు తేలికైన పాలీయురేథేన్‌తో చేసే విధానాన్ని ఇస్రో వారు 2002 ప్రాంతంలో జైపూరు సంస్థకు అందించారు. 2009లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జైపూరు వారితో కలిసి చేసిన చవక మోకాలు కీలును టైమ్ పత్రిక ఆ సంవత్సరపు మేలైన ఆవిష్కరణల్లో చేర్చింది. మోకాలి పైన కాలు పోయినవారికి ఆ కీలు పెద్ద సాయం. 2022లో ఇస్రో వారు సొంతంగా ఆలోచించుకుని కదిలే ఎలక్ట్రానిక్ మోకాలిని ప్రకటించారు. బరువు సుమారు 1.6 కిలోలు. విదేశీ మోకాళ్ళు పదుల లక్షల ధర పలుకుతుంటే దీన్ని అందులో చిన్న వంతుకే ఇవ్వాలని వారి ఉద్దేశం.

2025 జూలైలో ఇంకొక వార్త వచ్చింది. కలాం గారు ఒకప్పుడు డైరెక్టరుగా కూర్చున్న అదే డి.ఆర్.డి.ఎల్., బీబీనగర్ ఎయిమ్స్ వారితో కలిసి బొగ్గు నారతో చేసిన కృత్రిమ పాదాన్ని విడుదల చేసింది. 125 కిలోల భారం దాకా పరీక్షించారు. దిగుమతి చేసుకుంటే రెండు లక్షల రూపాయల దాకా అయ్యే రకాన్ని ఇరవై వేల లోపు తయారుచేయవచ్చునని అంచనా. మూడు వందల గ్రాముల కాలిపర్ తయారైన వాకిట్లోనే ఈ పాదం కూడా తయారైందంటే, ఒక మనిషి నాటిన అలవాటు ఆయన పోయిన పదేళ్ళకూ బతికి ఉన్నదన్న మాట. కలాం గారు 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసిస్తూ కూలి కన్నుమూశారు.

మనకు సంబంధించిన పని

మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ప్రకటన వచ్చింది. చాలా సంతోషం. కాని పోలియో పోయినంత మాత్రాన పోలియో వచ్చినవారు పోలేదు. 1960లు, 70లు, 80లలో జబ్బు తగిలిన పిల్లలు ఇవాళ నలభై దాటిన, అరవై దాటిన మనుషులు. కొందరికి వయసు మీద పడేకొద్దీ ఒకప్పుడు నిలదొక్కుకున్న కండరం మళ్ళీ నీరసిస్తుంది. ఇంతకాలం కాలిపర్ లేకుండా చేత్తో మోకాలు నొక్కుకుని నడిచినవారికి ఇప్పుడు అవసరం రావచ్చు. అంతా అయిపోయిందని ఊరుకుంటే వీళ్ళు ఎవరి లెక్కలోనూ ఉండరు.

కాళ్ళు పోవటానికి ఇవాళ పెద్ద కారణాలు రెండు, రోడ్డు ప్రమాదం, చక్కెర జబ్బు. రెండోదానిలో చాలావరకు ఆపుకోగలిగినదే. చక్కెర ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి పాదం అడుగు చూసుకోవటం, కళ్ళు ఆనకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోవటం, ఇసుకలో ఎండలో వట్టి కాళ్ళతో నడవకపోవటం, చిన్న పుండునైనా ఇంటి వైద్యంతో పదిరోజులు పోగొట్టకపోవటం, ఇవి పైసా ఖర్చు లేని పనులు.

మా సభ్యులకు మేము చేసుకునే మనవి నాలుగు మాటలు.

మొదటిది. ఎవరి ఇంటనైనా మంచం కింద, అటక మీద వాడకుండా పడిన కృత్రిమ కాలో కాలిపరో ఉంటే, అది సోమరితనమని ఆ మనిషిని నిందించకండి. కాలు తీసేసిన తరవాత మొదటి నెలల్లో మిగిలిన మొండి భాగం సన్నబడుతుంది. అప్పుడు బిగుతుగా సరిపోయిన గిన్నె తరవాత వదులై ఒరుసుకుని పుండు చేస్తుంది. పెరిగే పిల్లలకు నిరుటి కాలిపర్ ఈ ఏడు పొట్టి. శిబిరం పెట్టి ఇచ్చి ఫోటో తీయించుకోవటంతో పని సగమే అయింది. ఆరు నెలలకొకసారి ఆ ఇంటికి వెళ్ళి, వాడుతున్నారా, ఎక్కడ ఒరుసుకుంటోంది అని అడగటం రెండో సగం.

రెండవది. కాలు తీసిన కొత్తల్లో డాక్టరు చెప్పిన వ్యాయామం, కట్టు మానకూడదు. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టి రోజుల తరబడి ఉంచితే మోకాలు వంకరకు బిగుసుకుపోయి, తరవాత ఎంత మంచి కాలు తెచ్చినా అమరదు. ఇంట్లో తల్లులు, అక్కచెల్లెళ్ళు ప్రేమతో చేసే పొరపాటు ఇది. వాళ్ళకు ముందే చెప్పాలి.

మూడవది. ఆసుపత్రికి వెంట పోయే మనిషి కావాలి. కొలతకు ఒకసారి, అమర్చటానికి ఒకసారి, సరిచేయించటానికి ఇంకొకసారి. తీరపు పల్లెల నుంచి పట్నానికి కాలు లేని మనిషి ఒంటరిగా మూడుసార్లు పోలేడు. చందా ఇవ్వలేని సభ్యుడు ఒక రోజు ఇవ్వవచ్చు. ఏడేళ్ళలో 59 మందికే అందినది లక్షల మందికి చేరిందంటే, ఇలా వెంట నిలబడిన మనుషుల వల్లనే.

నాలుగవది. కుంటివాడు అని పిలిచే అలవాటు మన వాడల్లో ఇంకా ఉంది. పేరుండగా అవిటితనంతో పిలవటం మానుదాం. పిల్లలకూ మాన్పిద్దాం.

చరిత్ర చదువుకునేది గొప్పవారిని పొగడటానికే అయితే ఈ వ్యాసం కలాం గారి పుట్టిన తేదీతో మొదలై పోయిన తేదీతో ముగిసేది. ఆయన ఒక ఆసుపత్రి వార్డులోకి వెళ్ళి పిల్లల కాళ్ళు చూశారు. సేఠీ గారు కాలు విడిచేసినవాడిని కోప్పడకుండా, ఎందుకు విడిచావు నాయనా అని అడిగారు. మనకు రాకెట్టు చేయటం రాదు, రబ్బరు ఉడికించటం రాదు. వెళ్ళి చూడటం, కూర్చుని అడగటం మనకూ వచ్చు. ఈ సంవత్సరం మన సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటికి వెళ్ళి ఆ రెండు పనులూ చేస్తే, వచ్చే సంచికలో చెప్పుకోవటానికి మన వాడల సంగతులే ఉంటాయి.